తిరుపతి నుంచి నాన్నగారికి

తిరుపతి, మంగళవారం



కొండకు రేపు వెళ్తాను. ఇవాళంతా యూనివర్సిటీలోని ప్రాచ్య పరిశోధన సంస్థలోనే గడిచింది. 1933లో తిరుమల ఆలయంపై మహంతుల ఏలుబడి పోయి దేవస్థానం కమిటీ వచ్చిన ఆరేళ్లకు, 1939లో, దేవస్థానం వాళ్లే దీన్ని పెట్టారు. వేటూరి ప్రభాకరశాస్త్రిగారు పనిచేసింది ఇక్కడే. 1956లో శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయం చేతికొచ్చింది. హుండీ సొమ్ము తాళపత్రాలను కాపాడటానికి ఖర్చయిందంటే నాకు ఎంతో సంతోషం. ఒకాయన కట్ట విప్పి చూపించారు: పైనా కిందా చెక్క పలకలు, ఆకుల చిల్లుల్లోంచి తాడు, గంటపు గీతల్లో పట్టిన మసి.

తర్వాత బ్రహ్మసూత్రాల మీది శ్రీభాష్యం అచ్చు ప్రతి తీసుకుని అపశూద్రాధికరణం తెరిచాను. శూద్రులకు బ్రహ్మవిద్యలో అధికారం లేదని తేల్చే చోటు. ఆ మాట అంటున్నది రామానుజులు! గోపురమెక్కి మంత్రం అందరికీ వినిపించారని చెప్పుకుంటామే, ఆయనే. శంకరులదీ అదే తీర్పు, ఇతిహాస పురాణాలు మాత్రం వినవచ్చన్నారు. తాతయ్య అరుగు కింద నిలబడి భాగవతం విన్నారని మీరు చెప్పేవారు. అది ఊరి పెద్దల మొరటుతనం అనుకునేదాన్ని. దాని వెనక సూత్రం ఉంది నాన్నా, భాష్యం ఉంది, మహా పండితుల తర్కం ఉంది.

కోపం వచ్చింది. పుస్తకం మాత్రం మూయబుద్ధి కాలేదు. జీవులన్నీ భగవంతుడికి శరీరమేనని అంత ఓపికగా వాదించిన మనిషి ఈ గుమ్మం దగ్గర ఎందుకు ఆగిపోయారో ఆయన వాక్యాల్లోనే వెతకాలి. మనలాంటి వాళ్లం చదవకుండా వదిలేస్తే ఆ తీర్పును ప్రశ్నించేదెవరు?

చిత్తూరు, గురువారం

తిరుత్తణి బస్సు కోసం కూర్చుని రాస్తున్నాను. సర్వేపల్లి రాధాకృష్ణన్ పుట్టిన ఊరు. 1960 దాకా చిత్తూరు జిల్లాలోదే, తర్వాత మద్రాసు రాష్ట్రంలో కలిసింది. తిరుపతి లూథరన్ మిషన్ బడిలో చదివిన ఆ పిల్లవాడే పెద్దయ్యాక బ్రహ్మసూత్రాలను ఇంగ్లీషులోకి తెచ్చారు, అదీ 1960లోనే. ఇంగ్లీషు చదివిన ఎవరి చేతికైనా అవి అందాయి. సంస్కృతమూ ఇంగ్లీషూ రెండూ రాని తెలుగువాళ్ల మాటేమిటన్నదే నా బాధ.

మన ఊరి లైబ్రరీలో తెలుగు తాత్పర్యంతో బ్రహ్మసూత్ర భాష్యం ఉందేమో కనుక్కోండి. లేకపోతే తిరుపతిలో కొనుక్కొస్తాను. మీ కళ్లకు అక్షరాలు ఆనకపోతే నేనే చదివి వినిపిస్తాను, ఆ అధికరణంతోనే మొదలుపెడదాం.

మీ అమ్మాయి