మీట వదిలితేనే వినపడుతుంది

మా పుట్టింట్లో మాట్లాడేవాళ్లకి కొదవ లేదు. వినేవాళ్లకే కరువు. నలుగురం కూర్చుంటే నలుగురం ఒకేసారి మాట్లాడతాం. "ఈ కొంపలో మళ్లీ రేడియో ఒకటి కొనడం దండగ, ఎటు చూసినా స్టేషన్లే" అనేది మా అమ్మ. అలాంటి ఇంట్లో పుట్టిన నాకు నోరు మూసుకుని వినడం నేర్పింది అరచేతిలో పట్టే పసుపుపచ్చటి వాకీటాకీ అంటే మీరు నవ్వుతారు. నవ్వండి. మొదట మేమూ నవ్వాం.

2023 జూలైలో మా చెల్లెలు పిలిస్తే అమెరికా వెళ్లాం. అది ఉండేది సాల్ట్ లేక్ సిటీలో. అక్కణ్ణుంచి ఎల్లోస్టోన్ నేషనల్ పార్కుకి మోటార్ హోముల్లో వెళ్దామంది. మోటార్ హోమంటే చక్రాల మీద కాపురం. పాతిక అడుగుల పొడుగు. అందులోనే పొయ్యి, ఫ్రిజ్, స్నానాల గది, డ్రైవరు నెత్తిమీద అటకలాంటి పడక. చెల్లెలు, మరిది, వాళ్ల ఇద్దరు పిల్లలు, మరిదిగారి తల్లిదండ్రులు, మేమిద్దరం, మొత్తం ఎనిమిది మందిమి. కనక రెండు బండ్లు అద్దెకి తీసుకున్నారు. రెండోది నడిపే భారం మా ఆయన మీద పడింది. ఆయనకి ఇంటర్నేషనల్ పర్మిట్ ఉంది గానీ, అప్పటిదాకా నడిపినది మారుతి కారు. అదీ రోడ్డుకి ఎడమపక్కన.

బయల్దేరే ముందు మరిది సంచీలోంచి రెండు వాకీటాకీలు తీశాడు.

"ఏవిటోయ్, మనం యుద్ధానికి గాని వెళ్తున్నామా?" అన్నారు మా ఆయన. ఆ మాట పూర్తిగా వేళాకోళం కాదు. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సైనికులు ఎస్సీఆర్-300 అనే వాకీటాకీని వీపున కట్టుకు మోసేవారు. దాని బరువు సుమారు పదిహేను కిలోలు. ఇప్పుడది గుప్పిట్లో ఇమిడిపోయింది.

మరిది మాకు పాఠం చెప్పాడు. ఇంటిల్లిపాదీ వాడుకోవడానికని 1996లో అక్కడి ప్రభుత్వం ఫ్యామిలీ రేడియో సర్వీస్ అని ఒకటి ఏర్పాటు చేసింది. లైసెన్సు అక్కర్లేదు. 22 ఛానళ్లు. బలం మాత్రం రెండు వాట్లకి మించకూడదు. ఎల్లోస్టోన్ రోడ్ల మీద చాలా చోట్ల సెల్‌ఫోను సిగ్నలుండదు కాబట్టి, ముందు బండీ వెనక బండీ మాట్లాడుకోవాలంటే ఇదే గతి.

"డబ్బా మీద 35 మైళ్లని రాశారే!" అన్నాను.

"అది కొండ శిఖరం మీద మీరుండి, లోయలో నేనుండి, మధ్యలో పుల్ల కూడా లేకపోతే వదినా. చెట్లూ గుట్టలూ ఇనప బండీ అడ్డం ఉంటే మైలూ రెండు మైళ్లే."

పెళ్లి సంబంధాల్లో జీతం చెప్పినట్టన్నమాట.

"ఏడో ఛానల్ పెట్టాను. ప్రైవసీ కోడ్ పన్నెండు. మన మాటలు మనకే" అన్నాడు. ఈ 'మనకే' అన్న ముక్క గుర్తుపెట్టుకోండి. తరవాత పనికొస్తుంది.

మొదటి రాత్రి ఐడహోలో ఒక క్యాంపు స్థలంలో ఆగాం. అక్కడ ఎవరి బండిని వాళ్లకిచ్చిన గళ్లలోకి వెనక్కి నడిపి పెట్టాలి. వాకీటాకీలెందుకు, పాతికేళ్ల కాపురం ఉందిగా అన్న ధీమాతో నేను వెనకాల నిలబడి చేతులూపాను. నేను ఆగమన్న సైగ ఆయనకి రమ్మన్నట్టు కనిపించింది. పైగా నా ఎడమ ఆయన కుడి. బండి వెళ్లి చెక్కబల్లని ముద్దు పెట్టుకుంది. తరవాత మా ఇద్దరి మధ్యా జరిగిన సంభాషణకి ఏ ఛానలూ అక్కర్లేకపోయింది. క్యాంపంతా విన్నది.

మర్నాటి నుంచి బుద్ధిగా వాకీటాకీ పట్టాం. ఎడమా కుడీ అనకుండా "డ్రైవరు వైపు", "తలుపు వైపు" అనడం నేర్చుకున్నాం. ఇందులో అసలు కీలకం వేరే ఉంది. టెలిఫోనులోలాగా ఇద్దరూ ఒకేసారి మాట్లాడ్డానికి వీల్లేదు. మీట నొక్కి, ఒక్క క్షణం ఆగి, అప్పుడు మాట్లాడాలి. లేకపోతే మొదటి మాట గాలిలో కలిసిపోతుంది. నొక్కినంతసేపూ అవతలివాళ్లు ఏమంటున్నా మనకి వినపడదు. మీట వదిలితేనే వినపడుతుంది. అందుకే చివర "ఓవర్" అనాలి. ఇంక నీ వంతు అని.

మా చెల్లెలి కొడుకు, పన్నెండేళ్లవాడు, రేడియో ఆపరేటరుగా మా బండెక్కాడు. "పెద్దమ్మా, ముందు గొయ్యి ఉందట, ఓవర్. పెదనాన్నా, తాతగారికి బాత్రూముట, ఓవర్" అంటూ హడావిడి చేశాడు. మధ్యాహ్నం భోంచేసి, దాన్ని సీటు పక్కన పెట్టి, అటక మంచం ఎక్కి నిద్రపోయాడు.

హేడెన్ లోయలో అడవిదున్నల మంద రోడ్డెక్కింది. అక్కడ వాటిదే రాజ్యం. మగది తొమ్మిది వందల కిలోల దాకా తూగుతుంది. పాతిక గజాల దగ్గరికి వెళ్లకూడదని నిబంధన. అవి కదిలిందాకా కార్లన్నీ బారులు తీరి ఆగాలి. చెల్లెలి బండి ఎక్కడో ముందు, ఫర్లాంగు దూరంలో ఉంది. పని లేనప్పుడు మనిషి నోరు ఏం చేస్తుంది? పాత సంగతులు తవ్వుతుంది.

"ఈ తిప్పడమంతా ప్రాయశ్చిత్తం అండీ" అన్నాను మా ఆయనతో.

"దేనికి?"

"అమ్మ మంచాన పడ్డ ఐదు నెలలూ పక్క బట్టలు ఉతికింది నేను. రాత్రిళ్లు కూచుంది నేను. ఇది ఆదివారం ఆదివారం వీడియోలో ఏడ్చింది. వీడియోలో ఏడవడానికేం, మొహం కడుక్కుంటే సరి. అంతా అయ్యాక వచ్చింది. పది రోజులుండి, అమ్మ పాత వెంకటగిరి చీర గుండెలకి హత్తుకుని పట్టుకుపోయింది. ఊరందరికీ కనపడింది ఆ ఏడుపే. ఇప్పుడు నాకు దున్నల్ని చూపిస్తోంది."

ఆయన "ఊఁ" అన్నారు. ఆ "ఊఁ" ఆసరాగా ఇంకా చాలా అన్నాను. అవన్నీ ఇక్కడ రాయను.

సాయంత్రం లేచిన పిల్లవాడు వాకీటాకీ చేతిలోకి తీసుకుని, "అయ్యో, ఇది వాక్స్‌లో ఉండిపోయింది" అన్నాడు.

"అంటే ఏవిట్రా?"

"మీట నొక్కక్కర్లేదు పెద్దమ్మా. గొంతు వినపడితే అదే పంపించేస్తుంది. నేనే పొద్దున్న మార్చాను."

నా కాళ్ల కింద బండి ఉన్నట్టే లేదు.

ఆ రాత్రి మా మకాం ఫిషింగ్ బ్రిడ్జ్ దగ్గర. పేరుకి చేపలు పట్టే వంతెనే గానీ, 1973 నుంచి దాని మీంచి చేపలు పట్టడం నిషేధం. ఎలుగుబంట్లు తిరిగే చోటు కనక అక్కడ గుడ్డ గుడారాలు వేయనివ్వరు. గట్టి గోడలున్న బండ్లకే చోటు. మేం చేరేసరికి మా చెల్లెలు మా గడి దగ్గర నిలబడి ఉంది. చేతిలో వాకీటాకీ. "బావగారూ, డ్రైవరు వైపు కొంచెం తిప్పండి. చాలు. ఇంకో రెండడుగులు. ఆగండి, ఓవర్." గొంతులో ఏ తేడా లేదు. ఆ నెమ్మదే నన్ను ముల్లులా గుచ్చింది. నా వంక చూడకుండా కొడుకుని వెంటబెట్టుకుని వెళ్లిపోయింది. వాళ్ల గడి వేరే వరసలో పడింది. చీకటి పడ్డాక, ఎలుగుల భయానికి, నడిచి వెళ్లే దారి లేదు.

పదిన్నరకి వాకీటాకీ గరగరలాడింది.

"అక్కా, వినపడుతోందా? ఓవర్."

"ఆఁ" అన్నాను. మీట నొక్కడం మర్చిపోయాను. మళ్లీ నొక్కి, "ఊఁ, ఓవర్" అన్నాను.

"మధ్యాహ్నం నువ్వన్నవి విన్నాను. నువ్వు ఊపిరి తీసుకున్నప్పుడు నేను అడ్డం రావచ్చు. రాలేదు, చెప్పనీ అనుకున్నాను. అత్తగారు నిద్రపోతున్నారు కాబట్టి సరిపోయింది, గొంతు తగ్గించి చెవి దగ్గర పెట్టుకున్నా. ఇప్పుడు నేను చెప్తాను. అయిందాకా మీట నొక్కకు. నేను రెండుసార్లు టికెట్ కొన్నానక్కా. రెండుసార్లూ అమ్మే మాన్పించింది. 'అక్క ఇప్పటికే సగమైపోయిందే. నువ్వూ పిల్లలూ వస్తే మీకూ అదే వండాలి. నాకు కాస్త నయమయ్యాక రా. నేనిలా అన్నానని దానితో అనకు, నొచ్చుకుంటుంది' అంది. నేను రాకపోతే నీకు పని తగ్గుతుందని రాలేదు. నేనొచ్చి నీతో పాటు వండుతానని అమ్మకెందుకు తట్టలేదో, నాకెందుకు తట్టలేదో, ఇప్పటికీ తెలీదు. అమ్మకి మాటిచ్చానని నీతో అనలేదు. ఇవాళ తప్పాను."

కాసేపు గరగర. ఏడుస్తోందని తెలుస్తూనే ఉంది. నా బొటనవేలు మీట మీదే ఉంది. మామూలుగా అయితే ఆ పాటికి పదిసార్లు అడ్డం పడి, "అలాగని ఒక్క ముక్క నాతో అనలేవా?" అని అరిచేదాన్ని. నొక్కలేదు.

"అంతే. ఓవర్" అంది.

నొక్కాను. మాట రాలేదు.

మీట వదిలేసరికి, "అక్కా, నొక్కి ఊరుకుంటే ఎలా? మాట్లాడు, ఓవర్" అంది.

చివరికి నా నోటివెంట వచ్చిందేమిటో తెలుసా? "పొద్దున్నే ఉప్మా చేస్తాను. అందరూ ఇటు రండి. ఉల్లిపాయలు నువ్వు తరుగుదువుగాని. ఓవర్."

మర్నాడు స్టవ్ మీద రవ్వ వేగుతుండగా వాకీటాకీలోంచి తెలియని ఆడగొంతు, అచ్చ తెలుగులో, పలికింది. "ఏమండీ, ఏమీ అనుకోకండి. మేమూ ఏడో ఛానల్లోనే ఉన్నాం. మీ కోడ్ ఇప్పుడే వెతికి పెట్టుకున్నాం, రాత్రి మాకు కోడ్ లేదు. కోడ్ లేకపోతే అందరి మాటలూ వినపడతాయిట. రాత్రి మా అత్తగారు మీ మాటలు విని ఒకటే ఏడుపు. సిగ్నల్ ఉన్న చోటికి వెళ్లగానే వాళ్ల చెల్లెలికి ఫోను చేయాలంటున్నారు. ఓవర్."

ఆ కోడ్ పరాయి గొంతులు మన చెవిన పడకుండా ఆపుతుందే గానీ, మన మాటలు పరాయి చెవిన పడకుండా ఆపదట. మరిది అప్పుడు చెప్పాడు!

తిరిగి వచ్చేటప్పుడు పిల్లవాడు తన వాకీటాకీ నాకిస్తానన్నాడు. ఆ ఫ్రీక్వెన్సీలు మన దేశంలో లైసెన్సు లేకుండా వాడకూడదు. వద్దన్నాను. ఆదివారాలు మళ్లీ వీడియోలోనే మాట్లాడుకుంటున్నాం. ఇద్దరం ఒకేసారి మొదలెడతాం, అలవాటు ఎక్కడికి పోతుంది? అప్పుడు ఎవరో ఒకరు బొటనవేలు ఎత్తి చూపిస్తాం. రెండోవాళ్లు నోరు మూసుకోవాలి.

ఎక్కువగా అది నాకే చూపిస్తుంది.