బాలింత చెయ్యి చూడాలి

దేవరకొండ దాటాక ఉన్న ఆ ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో కుష్ఠు పరీక్షకు పెద్ద సామానేమీ లేదు. ఒక బాల్‌పెన్ను, ఒక బల్ల. కుష్ఠు మందు వాడుతున్న ఏడో నెల గర్భిణిని కళ్లు మూసుకోమని, పారామెడికల్ ఆఫీసర్ ఆమె అరచేతిని పెన్ను మొనతో తాకుతున్నారు. ఎక్కడ తాకితే అక్కడ ఆమె వేలు పెట్టి చూపాలి. తర్వాత మోచేతి వెనక నరాన్ని తడిమి, చిటికెన వేలిని పక్కకు చాపించి, తన వేలితో నెట్టి బలం చూశారు.

“సారూ, ఈ గోలీలు మింగితే కడుపుల బిడ్డకు ఏమన్నయితదా?”

“ఏంగాదమ్మా. ఆపితేనే కష్టం. కాన్పయినంక గూడ మింగాలె, బిడ్డకు పాలియ్యాలె.”

కుష్ఠు వారసత్వంగా వచ్చే రోగం కాదు. బహుళ ఔషధ చికిత్సను గర్భిణులకూ బాలింతలకూ ఇవ్వవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అయితే మందుల అట్టలోని క్లోఫాజిమిన్ వల్ల పసిబిడ్డ ఒంటిరంగు కాస్త ముదరవచ్చు. మందు ఆగాక మెల్లగా తగ్గిపోతుంది. ఈ ముక్క ఇంట్లోవాళ్లకు ముందే చెప్పకపోతే ‘పెద్దరోగం పిల్లకూ అంటింది’ అంటారు, అట్ట మూలన పడుతుంది.

అసలు గండం కాన్పు తర్వాత. కడుపులో బిడ్డను నిలుపుకోవడానికి తల్లి శరీరం రోగనిరోధక శక్తిని కొంత తగ్గించుకుంటుంది. కాన్పయ్యాక ఆ శక్తి తిరిగొచ్చి, నరాల్లో దాగిన క్రిముల మీద పడుతుంది. నరం వాస్తుంది, చేతికి పట్టు తప్పుతుంది. ఒక్కోసారి నొప్పి కూడా తెలియదు. డాక్టర్ ఎలిజబెత్ డంకన్ ఇథియోపియాలో 1970ల నుంచి కుష్ఠు ఉన్న గర్భిణులను కాన్పు దాటాక కూడా పరీక్షిస్తూ ఈ సంగతి నమోదు చేశారు. ఆలస్యం కాకుండా ప్రెడ్నిసోలోన్ మందు మొదలుపెడితే చాలామందికి పట్టు తిరిగొస్తుంది. మన ఇళ్లలో మాత్రం బాలింత తిమ్మిరిని నీరసమనో వాతమనో అనేస్తారు.

సరిగ్గా అప్పుడే ఈమె ఇక్కడ ఉండదు. తొలి కాన్పు, తల్లిగారిల్లు పాలమూరు వైపు, కల్వకుర్తి దగ్గరి పల్లె. కార్డు ఈ రిజిస్టర్‌లో, మనిషి ఆ ఊళ్లో. ఎవరో ఒకరు చెబితే తప్ప అక్కడి ఆశమ్మకు కుష్ఠు మందు సంగతి తెలియదు. ఇంటివాళ్లు చెప్పుకోరు. కుష్ఠు ఉందని విడాకులు అడిగే వీలు హిందూ వివాహ చట్టంలో 2019 దాకా ఉండేది. చట్టం మారినా ఆ భయం పోలేదు. బిడ్డను తూచడానికి ఆశా కార్యకర్తలు ఎలాగూ ఇంటికి వెళ్తారు కదా, అదే పూట తల్లి చిటికెన వేలిని నెట్టి చూడటానికి అరనిమిషం చాలు. అంతమాత్రం కూడా జరగక ఒక ఆడమనిషి చెయ్యి వంకరపోవడం నాకు అన్యాయంగా తోస్తుంది.

ఆఫీసర్ తల్లిగారి ఊరు, ఫోన్ నంబరు కార్డు వెనక రాసుకుని, ఆ మండలంలో కుష్ఠు పని చూసే ఆయనకు నా ముందే ఫోన్ చేశారు. కాన్పు తేదీ, మిగిలిన మందుల అట్టల లెక్క చెప్పి, “చెయ్యి చూడు, కాలు చూడు. కాన్పయినంక ఆర్నెల్ల దాంక నెలనెలా చూడు” అన్నారు.