మిగిలిన 40 నిమిషములు

చదువవలసిన భాగములు: మత్తయి 5:23, 24, లూకా 10:25–37

సైకిలు తొక్కుటలో ఆత్మసంబంధమైన పాఠమేమున్నదని మీరడుగవచ్చును. నేనును మొదట అట్లే తలంచితిని. గాని ప్రభువు రహదారి ప్రక్కనే నాకొక పాఠము నేర్పెను. సిగ్గుతోనే దానిని వ్రాయుచున్నాను.

మా ఊరు జోగిపేట. మా తండ్రి మెదకు అధ్యక్ష మండలములో ఉపదేశిగా నుండెను. ఆయనకొక పాత హెర్కులెస్ సైకిలుండెను. దాని సీటు వెనుక తోలుసంచిలో రెండు పానాలు, రబ్బరు ముక్కలు, సొల్యూషను ఎప్పుడును ఉండెడివి. ఆరాధన జరిపించుటకు పల్లెలకు పోవునప్పుడు, దారిలో ఎవరి సైకిలైనను ఆగియున్నచో ఆయనయు ఆగి బాగుచేసెడివాడు. ఆలస్యమైనదని సంఘపెద్దలు గొణిగినను ఆ అలవాటు మానలేదు. ఆయన ప్రభువునందు నిద్రించిన తరువాత ఆ తోలుసంచి నాకు వచ్చెను.

కొన్ని సంవత్సరముల క్రిందట నేను బ్రెవే అను దూరపు సైకిలు ప్రయాణమునకు పేరిచ్చితిని. ఇది ఫ్రాన్సు దేశమునుండి వచ్చిన పద్ధతి. పారిస్ నగరపు ఆడాక్స్ క్లబ్ నియమముల ప్రకారము లోకమంతట నడచుచున్నది. 200 కిలోమీటర్లు 13 గంటల 30 నిమిషములలో ముగింపవలెను. 300 అయినచో 20 గంటలు, 400కు 27, 600కు 40 గంటలు గడువు. మన సామాను, మన మరమ్మతు మనమే చూచుకొనవలెను. నియమించిన స్థలములలో కార్డుమీద ముద్ర వేయించుకొనవలెను. అన్నిటికంటె వింత యేమనగా, ఇందులో మొదటి బహుమానము లేదు. ముందు వచ్చినవానికిని గడువులోపల చివరగా వచ్చినవానికిని ఒక్కటే లెక్క. అది పందెము కాదు. నేనే నా మనస్సులో దానిని పందెముగా చేసికొంటిని.

నా సైకిలు కొండబాటలకు చేసిన లావు టైర్లది. తారు రోడ్డుమీద అది బరువుగా పోవును. కాబట్టి గడువు తప్పునేమో అను భయము మొదటినుండి నన్ను వెంటాడెను. ఉదయము 6 గంటలకు హైదరాబాదులో బయలుదేరి, పటాన్‌చెరు లారీల నడుమ దారి చేసికొని, సంగారెడ్డి దాటి, నాందేడు పోవు రహదారిన మంజీరా వంతెన మీదుగా జోగిపేటకు వచ్చితిమి. అక్కడనుండి నారాయణఖేడు వైపు కొంతదూరము పోయి తిరుగవలెను. మా ఊరివారు చేతులూపి నన్ను పిలిచినప్పుడు నా గుండె ఎంతో ఉప్పొంగెను.

తిరుగు ప్రయాణములో, మధ్యాహ్నము 2 గంటలవేళ, జోగిపేట దాటిన తరువాత ఒక యువకుడు ఎండలో రోడ్డు ప్రక్కన కూర్చుండెను. అతడును మాతో బయలుదేరినవాడే. సైకిలు చైను తెగియుండెను. నేను ఒక కాలు నేల మోపితిని.

“అన్నా, చైను బిగించేది ఏమన్నా ఉన్నదా?” అని అతడడిగెను.

ఆ పనిముట్టు నా తండ్రి తోలుసంచిలో నుండెను. నేను గడియారము చూచుకొని, “లేదు తమ్ముడూ” అని చెప్పి సాగిపోయితిని. దృష్టాంతములోని యాజకుడును లేవీయుడును ప్రక్కగా పోయిరి; వారు అబద్ధమాడినట్లు వ్రాయబడలేదు. నేనైతే ఆగి అబద్ధమాడి పోయితిని.

సాయంకాలము 6 గంటల 50 నిమిషములకు నేను చేరితిని. ముద్ర పడెను. గడువునకు ఇంకను 40 నిమిషములు మిగిలియుండెను. చైను బిగించుటకు 10 నిమిషములు చాలును! ఆ లెక్క నాకు అప్పుడే తట్టెను.

ఫలహారము చేసి, తోటివారితో మాటలాడుచు నేనక్కడనే ఉంటిని. రాత్రి 9 గంటలకు ఆ యువకుడు వచ్చెను. ముద్ర వేయువారెవరును లేరు. మండుటెండలో సైకిలు నడిపించుకొని పోయి, ఒక పల్లెలో మెకానిక్కు భోజనమునుండి వచ్చువరకు కాచుకొని, బాగుచేయించుకొని వచ్చెనట. అతడు పటాన్‌చెరులో ఒక కర్మాగారమందు దినకూలి. ఒకనాటి కూలి వదలుకొని వచ్చినవాడు. నన్ను చూచి, “అన్నా, మీకు టైముకు అందిందా? సంతోషం” అనెను. కోడి కూసినవేళ ప్రభువు పేతురువైపు చూచిన చూపు నాకు జ్ఞాపకము వచ్చెను. అయినను నా నోరు పెగలలేదు.

తరువాతి ఆదివారము మా గుడిలో ప్రభువు బల్ల. మోకరించుటకు లేచితిని గాని అడుగు ముందుకు పడలేదు. సహోదరునికి నామీద విరోధమున్నయెడల అర్పణము విడిచి మొదట సమాధానపడుమని ప్రభువు చెప్పలేదా? అతనికైతే నామీద విరోధమే లేదు, ఎందుకనగా నేను చేసినది అతడెరుగడు. అది నాకు మరింత భారమాయెను. ఇంటికి వచ్చి, ఫోను నంబరు కనుగొని, ఉన్నదంతయు ఒప్పుకొంటిని. అతడు కొంతసేపు మాటలాడలేదు. పిమ్మట, “పోనీయండి అన్నా. ఈసారి కలిసి తొక్కుదాం” అనెను.

దక్షిణాఫ్రికాలో 2004లో కేప్ ఎపిక్ అను గొప్ప పందెము ప్రారంభమైనది. కొండబాటలలో ఎనిమిది దినములు ఇద్దరిద్దరుగా పోవలెను. ఒకడు రెండవవానికి రెండు నిమిషములకంటె ఎక్కువ దూరమైనచో దండన కలదు. బలవంతుడు బలహీనుని విడిచి పోరాదు. లోకపు పందెములోనే అట్టి నియమముండగా, శిష్యులను ఇద్దరిద్దరినిగా పంపిన ప్రభువు మనయొద్ద తక్కువ కోరునా?

మరుసటి శీతకాలములో ఆ తమ్ముడును నేనును కలిసి 200 కిలోమీటర్లు తొక్కితిమి. దారిలో ఇతరుల కొరకు రెండుసార్లు ఆగితిమి. చేరునప్పటికి గడువునకు 6 నిమిషములు మాత్రమే మిగిలెను. నా మొదటి కార్డు ఇప్పటికిని నా బైబిలులో లూకా సువార్త నడుమ నున్నది. దానిమీద ముద్రలన్నియు ఉన్నవి. అయినను దానిని చూచినప్పుడెల్ల తల వంచుకొందును.

ప్రియులారా, పొలమునకు నీళ్లు కట్టు తొందర, సంతకు పోవు తొందర, గుడికి పోవు తొందర మనకు కలదు. దారిప్రక్కన కూర్చున్నవాడు అడిగినప్పుడు, మన సంచిలో నున్నదానిని లేదని చెప్పకుందము గాక.

ప్రార్థన: ప్రభువా, మా కాలము నీది. మా పొరుగువాని కొరకు ఆగు మనస్సు మాకు దయచేయుము. ఆమేన్.