చమురు కారుచోటు

భామ్రాగడ్ వద్ద ఇంద్రావతి, పాముల గౌతమి, పర్లకోట నదులు కలియును. వానకాలమున వరదకు దారి మూతపడుట కలదు. నీరు పొంగకముందే రోగిని అల్లాపల్లికి చేర్పవలసిన వేళ జీపు నడుమ ఆగరాదు. అందుచే తొలకరికి ముందే మా పాత జీపును పరీక్షించితిమి.

ఇంజినాయిలు అడుగు చాంబరు నుండి బొట్లుగా రాలుచుండెను. కాని రాలుచోటే కారుచోటు కాదు. నూనె పల్లమునకు జారును, ఫ్యాను గాలికి వెనుకకు చెదరును. చల్లారిన ఇంజినును కిరసనాయిలుతో తుడిచి, ఆరబెట్టి, సుద్దపొడి చల్లి, కొంతసేపు నడిపితిమి. పైన వాల్వు కవరు అంచున తొలి తడి కనబడెను. అచటి కార్కు ప్యాకింగు గట్టిపడి బీటలు వారియుండెను. క్రొత్తది వేసి, బోల్టులను సమముగా బిగించితిమి. అతిగా బిగించినచో కార్కు చీలును.

మరల చల్లిన సుద్ద తెల్లగానే నిలిచెను. దోషమును కనబడుచోట గాక పుట్టినచోట వెదకవలెనని మాకు బోధపడినది.