మేము కట్టిన మంద్రపు పెట్టె

రెండేళ్ళ క్రితం మా యింట్లో ఒక కొయ్య పెట్టె చేసికొన్నాము. దానిని సబ్‌వూఫరు అంటారు. పాటలో అన్నిటికంటె క్రింది ధ్వనులను, అనగా మంద్రమును మాత్రమే పలికించే లౌడ్‌స్పీకరు అది. అంగడిలో తయారుగా దొరుకుతుండగా మీకీ వడ్రంగము ఏల అని చుట్టాలు నవ్వినారు. మేము చేసిన తప్పులు, వాటిని దిద్దుకొన్న తీరు చెబితే మరియొక యింటివారికి పనికివచ్చునని ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

ఈ పనికి కారణము మా నాయన. తరతరాలుగా కోయంబత్తూరులో స్థిరపడిన కుటుంబము మాది. నాయన మిల్లులో ఉద్యోగము చేస్తూనే నలభై యేండ్లు భజనలలో మృదంగము వాయించినారు. ఇప్పుడు ఆయనకు 82 ఏండ్లు. వ్రేళ్ళు వంగవు, చెవి కూడ మందగించినది. వయసుతో వచ్చే చెవుడు సామాన్యముగా ముందు పై స్థాయి ధ్వనులను తీసికొనిపోతుంది. క్రింది స్థాయివి ఇంకా చాలాకాలము నిలుస్తవి. అందుచేత మన మాటలలోని సకారము, శకారము నాయనకు సరిగా అందవు గాని, మద్దెల తొప్పి మీద అరచేయి పడితే వచ్చే మ్రోత బాగా తెలుస్తుంది.

చిక్కు ఏమిటంటే, ఆ మ్రోత మా టెలివిజనులో లేదు. మంద్రము పలుకవలెనంటే చాల గాలిని కదిలించవలెను. పలుచని టెలివిజను వెనుక దాచిన చిన్న స్పీకర్లకు ఆ శక్తి యెక్కడిది? నాయన చెవికి మిగిలినది టెలివిజనులో లేదు, టెలివిజనులో వున్నది నాయన చెవికి అందదు. మార్గళి మాసములో కచేరీ పెట్టితే పది నిమిషాలు కూర్చుండి, “కట్టేయండిరా! ఏదో టిక్కుటిక్కుమంటున్నది. తొప్పి లేనిది మృదంగమెట్లా అవుతుంది?” అని లేచిపోయేవారు. లేచిపోయే ఆ వీపును చూడలేక అన్నదమ్ములమిద్దరము ఈ పెట్టె పని తలపెట్టినాము.

అసలు స్పీకరుకు పెట్టె ఎందుకని ముందు మాకే తెలియదు. అందము కొరకు కాబోలు ననుకొన్నాము. 10 అంగుళాల స్పీకరు కొని, బల్లమీద వట్టిగా పెట్టి వాయిస్తే డబ్బాలో తేనెటీగవలె పలికినది. స్పీకరు గిన్నె ముందుకు కదిలినప్పుడు ముందు గాలి ఒత్తుకొంటుంది, అదే క్షణాన వెనుక గాలి పలుచబడుతుంది. మంద్రధ్వనుల అలలు చాల పొడవు. సెకనుకు 40 కంపనములుగల ధ్వనికి అల పొడవు 8 మీటర్లకు పైన. అంత పొడవుగల అలలు స్పీకరు అంచు చుట్టి వచ్చి, ముందూ వెనుకా కలిసి ఒకదానినొకటి చంపుకొంటవి. ఆ రెంటినీ విడదీయుటే పెట్టె పని. తాను పలుకకూడదు, వెనుకటి గాలిని బయటికి పోనీయకూడదు.

ఇందుకు రెండు మార్గములు ముఖ్యము. ఒకటి పూర్తిగా మూసిన పెట్టె. లోపల చిక్కిన గాలి స్ప్రింగువలె స్పీకరును వెనుకకు త్రోస్తుంది. 1954 లో అమెరికాలో ఎడ్గార్ విల్చూర్ ఈ గాలి స్ప్రింగునే ఆధారము చేసికొని చిన్న పెట్టెలో పెద్ద మంద్రము పలికించినాడు. రెండవది గొట్టము పెట్టిన పెట్టె. సీసా మూతిపై ఊదితే హుమ్మని పలికినట్లు, గొట్టములోని గాలి ఒకానొక శ్రుతి వద్ద తానూ కదిలి స్పీకరుకు తోడ్పడుతుంది. దీనికి ఆల్బర్ట్ థూరాస్ 1932 లోనే పేటెంటు పొందినాడు. ఏ స్పీకరుకు ఎంత పెట్టె కావలెనన్న లెక్కను 1961 లో ఆస్ట్రేలియాలో నెవిల్ థీల్, తరువాత 1970ల మొదట్లో రిచర్డ్ స్మాల్ కుదురుగా ఏర్పరచినారు. ఆ లెక్కకు కావలసిన అంకెలు నేడు చాల స్పీకర్లతో వచ్చే కాగితములో వుంటవి.

ఆ కాగితమును మేము చూచినాము గాని, చదువలేదు. గొట్టపు పెట్టెకు ఎక్కువ లోతు వస్తుందని విని దానికే పూనుకొన్నాము. 64 లీటర్ల పెట్టె కట్టి, 30 కంపనముల శ్రుతికి కుదుర్చవలెనని సంకల్పము. 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్డు తెచ్చి, మా వీధి ఆశారిచేత 40 సెంటీమీటర్ల ఘనముగా కోయించి బిగించినాము. 40 ని మూడుసార్లు గుణిస్తే 64 లీటర్లే. కాని ఆ 40 బయటి కొలత! పలకల మందము తీసివేస్తే లోపల 36.4, అనగా 48 లీటర్లు. స్పీకరు వెనుక భాగము, గొట్టము, ఊతకర్రలు ఆక్రమించినది తీసివేస్తే మిగిలినది 44. ఇది చాలదని, 10 సెంటీమీటర్ల వ్యాసముగల గొట్టము 33 సెంటీమీటర్లు పొడవు వుండవలసినది వెనుక పలకకు తగులబోతున్నదని 15 కు కోసివేసినాము. ఆశారి “సామీ, కొలత సరిగా చూచుకొన్నారా?” అని రెండుసార్లు అడిగినాడు. తొందరలో వున్నవారికి అట్టి ప్రశ్నలు వినబడవు.

పెట్టెను గది మూలలో నిలిపి కచేరీ పెట్టినాము. ఇల్లు అదిరినది. అలమరలో గిన్నెలు మ్రోగినవి. మేము ఒకరినొకరు చూచి మురిసిపోయినాము. నాయన కొంతసేపు విని, “ఒరేయ్, మృదంగము వాయించేవాడు పది రకాలుగా కొడుతున్నాడు, మీ పెట్టె మాత్రము ఒక్కటే స్వరము పాడుతున్నది. ఇది ఉత్సవము డోలు” అని లేచిపోయినారు. ఈసారి ఆ వీపు మునుపటికన్న కష్టముగా కనబడినది. టెలివిజను చేసిన తప్పు వేరు, ఇది మా చేతులతో చేసినది.

అప్పుడు కాగితము తీసి లెక్క వేసినాము. పెట్టె తగ్గి, గొట్టము పొట్టిదైనందున 30 అనుకొన్న శ్రుతి ఇంచుమించు 49 కి ఎగబాకినది. మా హాలు పొడవు 3.5 మీటర్లు. గదికి కూడ ఒక శ్రుతి వుంటుందని అప్పుడు తెలిసినది. ధ్వని సెకనుకు 343 మీటర్లు పోతుంది గనుక దానిని గది పొడవుకు రెండింతలతో భాగిస్తే 49 వస్తుంది. పెట్టె తప్పు, గది స్వభావము ఒకే అంకెపై కలిసినవి. ఆ దరిదాపుల ధ్వని ఏది వచ్చినా రెండూ కలిసి దానిని లాగి సాగదీసినవి. చెవుడని మేము జాలిపడిన మనిషి, చెవులు బాగున్న మేము పట్టలేని దోషమును ఒక్క మాటలో పట్టినాడు!

రెండవసారి ఆశలు తగ్గించి, లెక్క పెంచినాము. మద్దెలకు 30 దాకా దిగనక్కరలేదు గనుక మూసిన పెట్టె చాలుననుకొన్నాము. మా స్పీకరు సహజ శ్రుతి 28, దాని క్యూ అనే అంకె 0.42, దానితో సమానమైన గాలి 60 లీటర్లు. పెట్టెలో అమర్చిన తరువాత ఆ క్యూ 0.707 కావలెను. అంతకు మించితే మ్రోత సాగుతుంది, బాగా తగ్గితే మంద్రము పలుచనవుతుంది. 0.707 ను 0.42 తో భాగించి, వచ్చినదాని వర్గము నుండి 1 తీసివేసి, దానితో 60 ని భాగిస్తే ఇంచుమించు 33 లీటర్లు. స్పీకరుకు, ఊతకర్రలకు మరి మూడు లీటర్లు చేర్చి లోపల 33 సెంటీమీటర్ల ఘనము, బయట 36.6 అని వ్రాసి, ఆశారికి చదివి వినిపించినాము. ఈసారి ప్రశ్నలు మేమే అడిగినాము. మొదటి పెట్టె పలకలనే విప్పి కోసినాడు, కొయ్య వృథా కాలేదు.

అతుకులన్నిటికి లోపల జిగురు ధారగా పోసినాము. స్పీకరు అంచు క్రింద మెత్తని స్పాంజి పట్టీ వేసినాము. పరుపుల దుకాణములో దొరకే పాలియెస్టరు దూదిని లోపల వదులుగా నింపినాము. ఇది గాలి స్ప్రింగును కొంచెము మెత్తబరచి, పెట్టె కాస్త పెద్దదైనట్లు చేస్తుంది. గాలి ఎక్కడైన కారుతున్నదా అని అమ్మ పూజగది ఊదుబత్తి తెచ్చి అతుకుల వెంట త్రిప్పితే, తీగ దూర్చిన రంధ్రము వద్ద పొగ చెదిరినది. దానిని మైనముతో మూసినాము.

ఇక పెట్టె నిలిపే చోటు. పెట్టెను నాయన కుర్చీలో పెట్టి, మంద్రమున్న పాట వేసి, మేము నేల మీద ప్రాకుతూ ఎక్కడ మ్రోత సమముగా వినబడుతుందో వెదకినాము. వినేవాని చోట పెట్టె, పెట్టె చోట వినేవాడు మారినా ఫలము ఒకటే గనుక ఈ ఉపాయము పనిచేస్తుంది. ఇద్దరు పెద్దవాళ్ళు మోకాళ్ళపై తిరుగుతుంటే అమ్మ వచ్చి, “ఏమి పోగొట్టుకొన్నారురా?” అన్నది. పొడవు గోడ నడుమ చోటు కుదిరినది. అక్కడ పెట్టితే గది తన 49 శ్రుతిని అంతగా అందుకోదు. క్రింద రబ్బరు కాళ్ళు వేసి, పక్కింటివారిని అడిగి, వారికి అభ్యంతరము లేనంత మట్టుకే ధ్వని పెంచినాము. 80 కంపనములకు పైనున్నవి టెలివిజనుకు, క్రిందివి పెట్టెకు.

ఆ సాయంత్రము ఇల్లు అదరలేదు. గిన్నెలు మ్రోగలేదు. పనిచేస్తున్నదా లేదా అని మాకే అనుమానము కలిగినది. నాయన వచ్చి కూర్చున్నారు. ఆలాపన అయినది, కీర్తన సాగినది, మృదంగము అందుకొన్నది. పది నిమిషాలు గడిచినవి. నాయన లేవలేదు. చేయి మోకాలిపై ఆడసాగినది. తని ఆవర్తనము నడుమ ముఖము చిట్లించినారు. ఇదీ పోయినదిరా అనుకొన్నాము.

“వీడు తొప్పికి రవ్వ ఎక్కువ పెట్టినాడు. అందుకే బరువుగా దిగుతున్నది” అన్నారు.

మా పెట్టెను గురించి ఒక్క మాట అనలేదు. వాయించేవానిని తప్పుపట్టినారు. వాయించబోయే ముందు తొప్పి మీద రవ్వ ముద్ద అంటించి శ్రుతి దించుట మృదంగము వారు సామాన్యముగా చేసే పనియే. దాని హెచ్చుతగ్గు ఇన్నేండ్ల తరువాత ఆయన చెవికి మరల అందినది. పెట్టె అక్కడ వున్నదన్న సంగతే ఆయన మరచినారు. అంతకన్న మెప్పు ఆ కొయ్యకు అక్కరలేదు.

మీలో ఎవరైన ఈ పని తలపెట్టితే మా మనవి రెండే. కోయకముందు లోపలి కొలత వేయండి. కట్టిన తరువాత, ఎవరి కొరకు కట్టినారో వారి చెవికే తీర్పు వదలండి.