పోయినదాన్ని తిరిగి పొందడం

ముఖానికి చేయించుకునే చికిత్సల ప్రస్తావన వచ్చినప్పుడు మన ఇళ్ళలో రెండు మాటలే వినిపిస్తాయి. అల్లాహ్ ఇచ్చిన రూపాన్ని ముట్టుకోకూడదన్నది ఒకటి. డబ్బున్నవాళ్ళ సోకులు మనకెందుకన్నది రెండవది. జబ్బు వల్లనో మందుల వల్లనో తన ముఖాన్నే పోగొట్టుకున్న మనిషి ఈ రెండు మాటల నడుమ నిలబడి ఉంటుందన్న ధ్యాస చాలామందికి ఉండదు. అలాంటి ఒకామెకు తోడుగా నేను నడిచిన దారిని గురించి, ఆమె అనుమతితో, ఆమె పేరు చెప్పకుండా రాస్తున్నాను.

ఆమె మా ఖాలా కూతురు. నేను ఆదోనిలో, ఆమె ఎమ్మిగనూరులో ఉంటాం. ఆమె భర్త ఆదోని మిల్లుల నుంచి పత్తి బేళ్ళు తీసుకుపోయే లారీ నడిపేవాడు. 2006లో ఆయన మరణించిన తరువాత చేసిన పరీక్షల్లో ఆమెకు హెచ్‌ఐవీ ఉన్నదని తేలింది. అల్లాహ్ దయవల్ల పాపకు సోకలేదు. మన దేశంలో ప్రభుత్వం ఉచితంగా ఏఆర్‌టీ మందులు ఇవ్వడం 2004 ఏప్రిల్‌లో మొదలైంది. ఆ తొలి సంవత్సరాల్లో వాడిన మందుల్లో స్టావుడిన్ ఒకటి. అది ఎందరి ప్రాణాలనో నిలబెట్టింది. అయితే చర్మం కింద ఉండే కొవ్వు కణాలను దెబ్బతీసేది. బుగ్గలు, కణతలు లోతుకు పోయేవి, చేతుల మీద నరాలు తేలేవి. దాని వాడకాన్ని క్రమంగా మానుకోవాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో దేశాలకు సూచించింది. ఆమెకూ మందు మార్చారు. ఒంట్లో శక్తి తిరిగి వచ్చింది. బుగ్గలు మాత్రం రాలేదు.

ఎమ్మిగనూరు మగ్గాల ఊరు. ఆమె కండెలు చుట్టి కూతురిని చదివించింది. ఇప్పుడు నిస్బత్ మాటలు సాగుతున్నాయి. పిల్లను చూడవచ్చిన ఆడవాళ్ళ చూపులు తల్లి బుగ్గల మీద ఆగిపోతున్నాయి. "నేను నోరు విప్పకముందే నా ముఖం అంతా చెప్పేస్తోంది ఆపా" అన్నది ఒకనాడు.

చికిత్స ఉన్నదని తెలిసినప్పుడు ఆమె ముందుగా అడిగింది ఖర్చు గురించి కాదు, ఇది జాయిజేనా అని. మా ఇమామ్ సాహెబ్ రెండు హదీసులను పక్కపక్కన పెట్టి వివరించారు. కేవలం అందం కోసం పళ్ళ నడుమ సందులు చేయించుకుని అల్లాహ్ సృష్టిని మార్చే స్త్రీలను శపించిన హదీసు ఒకటి. యుద్ధంలో ముక్కు పోగొట్టుకున్న అర్ఫజా (రజి) వెండి ముక్కు పెట్టుకోగా అది దుర్వాసన వేసింది. అప్పుడు దైవప్రవక్త (స) బంగారు ముక్కు పెట్టుకోమన్నారు. ఇది రెండవది. పురుషులకు బంగారం నిషిద్ధమైనా, లోపాన్ని సరిచేసే అవసరం అక్కడ పరిగణనకు వచ్చింది. లేనిదాన్ని కోరడం వేరు, పోయినదాన్ని తిరిగి పొందడం వేరు అని ఆయన అన్నారు.

కర్నూలులో ఒక చర్మవైద్యురాలు ఓపికగా మూడు మార్గాలు చెప్పారు. మొదటిది హయలురోనిక్ ఆమ్లం. మన శరీరంలోనూ ఉండే పదార్థమే. ఎక్కించిన రోజే బుగ్గ నిండుతుంది. సుమారు ఆరు నెలల నుంచి ఏడాదిన్నర వరకు నిలుస్తుంది. నచ్చకపోయినా, తేడా చేసినా హయలురోనిడేజ్ అనే మందుతో కరిగించవచ్చు. రెండవది కాల్షియం హైడ్రాక్సీఅపటైట్. ఎముకలో ఉండే ఖనిజం వంటిది. ఏడాదికి పైగా ఉండవచ్చు, కానీ కరిగించే మందు లేదు. మూడవది పాలీ లాక్టిక్ ఆమ్లం. ఇది తానుగా నింపదు, చర్మం చేత కొలాజెన్‌ను పుట్టిస్తుంది. కొన్ని వారాల ఎడంతో మూడు నాలుగు సార్లు వేయించుకోవాలి. ఫలితం నెలల మీద కనిపిస్తుంది, రెండేళ్ళ దాకా నిలుస్తుంది. ఒక్కోసారి చర్మం కింద చిన్న గడ్డలు కడతాయి, వాటినీ సులువుగా కరిగించలేరు. అమెరికాలో దీనికి 2004లో తొలి అనుమతి లభించింది సరిగ్గా ఇలాంటి రోగుల కోసమే. పొట్ట నుంచి సొంత కొవ్వు తీసి పెట్టే పద్ధతి కూడా ఉన్నది కానీ, తీయడానికి ఆమె ఒంట్లో కొవ్వే లేదు.

ఒకప్పుడు పశువుల నుంచి, పంది నుంచి తీసిన కొలాజెన్ ఇంజెక్షన్లు ఉండేవి. అందుకే దేనితో తయారైందని అడిగాం. నేటి హయలురోనిక్ ఆమ్లం ఎక్కువగా సూక్ష్మజీవుల ద్వారా తయారవుతుందని, పాలీ లాక్టిక్ ఆమ్లం కృత్రిమ పదార్థమని చెప్పారు.

కరిగించే వీలున్నది గనుక మొదటిదే మేలని నాకు తోచింది. ఆమె లెక్క వేరు. ఒక్కో సిరంజి వేల రూపాయలు. ఏటేటా ఆ ఖర్చు ఆమె మోయలేదు. పైగా ఒక్కరోజులో బుగ్గలు నిండితే వీధి వీధంతా కారణం వెతుకుతుంది. "నా ముఖం నెమ్మదిగానే పోయింది ఆపా, నెమ్మదిగానే రానీ" అన్నది. వైద్యురాలు కూడా ఆమె స్థితికి మూడవదే తగినదన్నారు. ఏ మందు గొప్పదన్న ప్రశ్నకు జవాబు లేదని నాకు అక్కడ అర్థమైంది. ఏం పోయింది, వికటిస్తే వెనక్కి తీసుకోగలమా, మన బతుకుకు ఏది ఇముడుతుంది అన్న మూడు ప్రశ్నలకు మాత్రం జవాబు ఉంటుంది.

ఒక హెచ్చరిక. ఏ మందైనా పొరపాటున రక్తనాళంలోకి వెళితే చర్మం చచ్చిపోవచ్చు, చూపే పోవచ్చు. చర్మం తెల్లబడినా, విపరీతంగా నొప్పి పుట్టినా, చూపు మసకబారినా క్షణం ఆగకుండా వైద్యుని వద్దకు పోవాలి. బ్యూటీ పార్లర్లలో చవకగా ఎక్కించే వాటి జోలికి పోవద్దు. చర్మవైద్యంలోనో ప్లాస్టిక్ సర్జరీలోనో పట్టా ఉన్నవారి చేత, మీ ఎదుటే సీలు విప్పిన మందునే వేయించుకోండి.

ఇది పెళ్ళివారిని మోసగించడం కాదా అని బంధువు ఒకామె అడిగింది. పిల్లకు జబ్బు లేదు, దాచడానికి పిల్లలో ఏమీ లేదు. తల్లి జబ్బు తల్లి అమానతు. 2018 సెప్టెంబరు నుంచి అమలులో ఉన్న హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం ప్రకారం కూడా ఆమె సమ్మతి లేకుండా ఆమె స్థితిని ఎవరూ బయటపెట్టరాదు. ఎవరికి, ఎప్పుడు చెప్పాలన్నది ఆమె నిర్ణయం. ఆ నిర్ణయాన్ని ఆమె నోటికి తిరిగి అప్పగించడమే ఈ చికిత్స చేసిన మేలు.

రెండు విడతలు పూర్తయ్యాయి. మూడవదానికి కండెల కూలి పోగుచేసుకుంటున్నది. నిస్బత్ ఇంకా కుదరలేదు. అల్లాహ్ ఆ తల్లీకూతుళ్ళకు మేలు చేయుగాక. ఆమీన్.