గుంటూరు పేరు గల యక్షరములు

మనుష్యులకువలెనే అచ్చక్షరములకును స్వభావము గలదు. కొన్ని సభయందలి పెద్దలవలె గంభీరములు; కొన్ని పెండ్లిపందిరివలె అలంకృతములు; మఱికొన్ని పొరుగింటి అక్కవలె చనువుగా పలుకరించునవి. ఈ మూడవ జాతికి చెందినది 'హింద్ గుంటూరు' అను తెలుగు అక్షరరూపము. ఇండియన్ టైప్ ఫౌండ్రీవారు దీనిని రూపొందించి, ఎల్లరును వెల లేకయే వాడుకొనునట్లు విడిచిరి. సన్నము మొదలు లావు వఱకు దీనియం దైదు మందములు గలవు.

దీని గీత ఇంచుమించు అంతటను ఒకే మందముగా కనబడును. కొసలయందు సొగసుతోకలు లేవు. అవి అడ్డముగనో నిలువుగనో తెగియుండును. అయినను మలుపులయందు చేతివ్రాత జాడ నిలిచియున్నది. ఆర్మూరు ప్రాంతమున పసుపును ఉడికించి, ఎండబెట్టి, మెరుగుపెట్టి అంగడికి తెత్తురు. మెరుగుపెట్టునపుడు పైపొట్టు పోవును గాని రంగు పోదు. ఈ యక్షరములును అట్టివే. 1916లో ఎడ్వర్డు జాన్‌స్టన్ అను లేఖనకళానిపుణుడు లండను భూగర్భ రైలుమార్గమునకు సమకూర్చిన ఆంగ్లాక్షరములును ఈ మార్గమునకు చెందినవే.

ఇఱుకైన కాగితమునకు పొందికయైన అక్షరము కావలెను. కాని మన లిపిలో ఒత్తులు క్రిందికి దిగును, గుడులు పైకి లేచును. మితిమీరి అదిమినచో అక్షరము ఊపిరాడక నలుగును. 'ప' తలకట్టు విడిగా నుండును, 'వ' తలకట్టు అంటుకొనియుండును. ఆ చిన్న సందు పూడినచో 'పాడు' 'వాడు' అగును. 'థ' నడిమి చుక్క మాసినచో 'ధ' అగును. కావున అక్షరము లోపలి ఖాళీని కాపాడుటయే ముఖ్యము. అంగడిలోని తక్‌పట్టీకిని, ఔషధపు చీటికిని, ప్రశ్నపత్రమునకును ఇదియే నియమము.

గత సంవత్సరము నా తరగతి ప్రగతిపత్రమును ఈ యక్షరములతో అచ్చొత్తించితిని. ఇటీవలనే చదువ నేర్చిన యొక తల్లి, పసుపంటిన వ్రేలిని పంక్తివెంట నడపుచు, కుమారుని మార్కులను, వాని క్రింద నేను వ్రాసిన సూచనను ఎవ్వరి నడుగకయే చదువుకొనెను. అంతకుముందు కుమారుడే చదివి వినిపించుచు, తనకు నచ్చని వాక్యములను దాటవేయుచుండెడివాడు! ఆ దినమున వానికి కలిగిన కష్టము స్వల్పము. ఆమెకు కలిగిన స్వాతంత్ర్యము గొప్పది.

అన్నిటికిని ఇదియే తగునని నా యభిప్రాయము గాదు. పద్యకావ్యమునకు, తిరుమల కృష్ణ దేశికాచార్యులవారి 'పోతన'యందలి లావుసన్నముల వంపు ఎక్కువ శోభ నిచ్చును. వారి 'వేమన' సమమందమైన గీతతో నిరాడంబరముగా నుండును. పేరులే వాని స్వభావములను చెప్పుచున్నవి.

1746లో బెంజమిన్ షుల్జ్ అను మిషనరీ జర్మనీలోని హాలె నగరమున తెలుగు పుస్తకములను అచ్చు వేయించెను. అంత దూరమున మన అక్షరములను పోతపోయించిన ప్రయాస దేనికొఱకు? సామాన్యుడు తానే చదువుకొనుటకే గదా!

విద్యార్థులారా, మీ చేతివ్రాతయు అట్టిదే కావలెను. 'ప'కారమునకు సందు విడువుడు, ఒత్తును ముద్దచేయకుడు. మీ యుత్తరమును ఇంటివద్ద చదువువారు కన్నులు మసకలైన తాతగారు కావచ్చును.